లంగరు ముద్ర

ఇంగ్లండు దేశపు పటంలో బర్మింగ్‌హామ్ నగరం కోసం వెతికితే సరిగ్గా నడిబొడ్డున కనిపిస్తుంది. ఎటు చూచినా సముద్రం దరిదాపుల్లో లేదు. పడవలున్న మాట నిజమే గాని, అవి ఒకప్పుడు బొగ్గు మోయడానికి తవ్విన సన్నని కాలువలలో తిరిగే పడవలు. అటువంటి ఊళ్ళో తయారయిన వెండి నగల మీద ఓడ లంగరు గుర్తు ఎందుకు వేస్తారు? ఈ సందేహం నాకు ఆ ఊరు చేరిన రెండవ రోజున కలిగింది. అది తీరేలోగా మా యింటి పాత సందేహం మరొకటి తీరిపోయింది. రెండూ కలిపి చెబుతాను.

2019 వేసవి సెలవులలో మా తమ్ముడి దగ్గరకు వెళ్ళాను. వాడక్కడ ఇంజనీరు. ప్రతి పండుగకూ "అక్కయ్యా, ఒక్కసారి వచ్చి చూడు" అని వాడు పిలవడమూ, పరీక్ష పేపర్లు దిద్దాలని నేను తప్పించుకోవడమూ మామూలయిపోయింది. అమ్మ పోయిన తరువాత తప్పించుకోబుద్ధి పుట్టలేదు. పైగా మా ఇద్దరి మధ్య పంచుకోవలసిన ఆస్తి ఒకటుంది. ఆస్తి అంటే ఎక్కువగా ఊహించుకోకండి. ఒక జత వెండి కడియాలు, అమ్మమ్మ కాళ్ళకు పెట్టుకున్నవి. "చెరొకటి తీసుకోండి" అని అమ్మ చెప్పింది గాని ఏది ఎవరికన్నది చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణముంది. చూడడానికి కవలపిల్లల్లా ఉన్నా, వాటిలో ఒకటి మంచిదనీ రెండవది చెడ్డదనీ మా యింట్లో పేరు.

ఆ పేరు వచ్చిన విధం ఇది. అమ్మమ్మ పెళ్ళి 1944లో, తెనాలి దగ్గర మా పల్లెలో జరిగింది. ముత్తాతగారు నలభై వెండి రూపాయలు ఊరి ఆచారిగారి ముందు పోసి, కరిగించి కూతురికి కడియాలు చేయమన్నారట. ఆ రోజులలో అదే పద్ధతి. రూపాయి సరిగ్గా తులం తూగుతుంది కాబట్టి నలభై రూపాయలు పోస్తే నలభై తులాలు, వేరే తూకపు రాళ్ళతో పనిలేదు. 1999లో నేను ఎం.ఏ.లో చేరినప్పుడు ఫీజుకు చాలక అమ్మ ఆ కడియాలను పట్నంలో తాకట్టుకు పట్టుకుపోయింది. అక్కడి వ్యాపారి ఒక్కొక్కదానినీ లోపలివైపు ఆకురాయితో గీకి, ఆమ్లపు చుక్క వేసి చూచి, "ఒకటి ఫరవాలేదమ్మా. రెండవదానిలో సగానికి సగం రాగి. మీ కంసాలి ముంచాడు" అన్నాడట. రెండువేలు వస్తాయనుకుంటే పదమూడు వందలు చేతిలో పెట్టాడు.

అమ్మ పొదుపుగా మాట్లాడే మనిషి. కాని ఆ మరుసటి శ్రీరామనవమినాడు, పందిట్లో ఆచారిగారి కొడుకు అందరికీ పానకం పోస్తూ మా దగ్గరకు వచ్చేసరికి, పదిమందీ వింటూండగా, "మీ నాన్న మా అమ్మ కాళ్ళ వెండి తిన్నాడు" అనేసింది. ఆయనకు అప్పటికే అరవై ఏళ్ళు. పానకం చెంబు కింద పెట్టి, "మా నాన్న ఇచ్చింది ఇచ్చినట్టే చేశాడమ్మా" అని మాత్రం అని వెళ్ళిపోయారు. ఆ తరువాత మా వీధి ఆడవాళ్ళు పట్టీలకు అతుకు వేయించుకోవడానికి కూడా పట్నం పోవడం మొదలుపెట్టారు. నేనప్పుడు అమ్మ పక్కనే కూర్చుని ఉన్నాను. సిగ్గుపడ్డానే గాని, అమ్మ అన్నది తప్పని నాకు తోచలేదు.

మొదటి జీతంతో కడియాలు విడిపించాను. పందొమ్మిదేళ్ళ తరువాత రెండింటినీ పాత పంచె గుడ్డలో చుట్టి ఇంగ్లండుకు తీసుకుపోయాను.

బర్మింగ్‌హామ్‌లో స్నోహిల్ స్టేషను నుంచి రైలెక్కితే తరువాతి స్టేషనే జువెలరీ క్వార్టరు. మన భాషలో నగల పేట అనుకోండి. మెట్లెక్కి వీధిలోకి రాగానే ఎర్ర ఇటుక ఇళ్ళు వరుసగా కనిపిస్తాయి. మూడు వీధులు కలిసేచోట ఆకుపచ్చ రంగు ఇనుప గడియార స్తంభం ఒకటుంది. ఆ ఊరి రాజకీయ నాయకుడు జోసెఫ్ ఛాంబర్లేన్ దక్షిణాఫ్రికా పర్యటన చేసివచ్చిన జ్ఞాపకార్థం 1903లో పెట్టిందట. చుట్టూ ఎటు చూచినా నగల దుకాణాలే. పైకి ఇళ్ళలా కనిపించేవాటి వెనుక భాగమంతా పని కొట్టాలు. వెలుతురు కోసం గోడకు గోడంతా కిటికీలే. ఒక ఉంగరం పూర్తి కావాలంటే పోత పోసేవారొకరు, చెక్కేవారొకరు, రాళ్ళు పొదిగేవారొకరు, మెరుగు పెట్టేవారొకరు. ఉంగరం వీధి వెంట ఇంటింటికీ తిరిగి నగ అవుతుందన్న మాట. ఇప్పుడు పని చాలావరకు తగ్గి కాఫీ హోటళ్ళు పెరిగాయి. అయినా పక్కసందులోకి తిరిగితే సుత్తి చప్పుడు వినబడుతూనే ఉంది.

వైజ్ స్ట్రీటులో ఒక మ్యూజియం ఉంది. దాన్ని చూడకుండా రావద్దని మరదలు పట్టుబట్టింది. మ్యూజియమంటే అద్దాల బీరువాలు గుర్తుకు వస్తాయి గదా! ఇది అలాంటిది కాదు. 1899లో మొదలయిన స్మిత్ అండ్ పెప్పర్ అనే బంగారు గాజుల ఫ్యాక్టరీ అది. 1981లో యజమానులు ముసలివారై, కొనేవారు దొరకక, ఒకరోజున తలుపులకు తాళం వేసి వెళ్ళిపోయారు. లోపలి పనిముట్లు, చిట్టాలు, కోట్లు తగిలించిన మేకులు, టీ కప్పులు అన్నీ ఉన్నవి ఉన్నట్లుగా మిగిలిపోయాయి. 1992లో దానినే మ్యూజియంగా తెరిచారు. మనుషులు భోజనానికి లేచి వెళ్ళారేమో, ఇప్పుడే వస్తారేమో అనిపిస్తుంది.

పనిబల్లలు చూడముచ్చటగా ఉన్నాయి. ప్రతి మనిషి కూర్చునేచోటా బల్లను అర్ధచంద్రాకారంగా కోసి, దాని కింద తోలు సంచి వేలాడదీశారు. గీకినప్పుడు రాలే రజను అందులో పడుతుంది. నేల ఊడ్చిన దుమ్ముతో సహా ఏదీ పారవేయకుండా కాల్చి, కరిగించి, బంగారం తిరిగి రాబట్టేవారట. మన ఊళ్ళలోనూ కంసాలి అంగడి మట్టిని కొనుక్కుపోయి, కడిగి, వెండి బంగారాలు ఏరుకొనేవాళ్ళు ఉండేవారు. మన ఆచారిగారు నేలమీద కూర్చుంటాడు, వారు బల్ల ముందు కూర్చుంటారు, అంతే తేడా.

అక్కడ పని చేసి చూపించే అమ్మాయి ఒకతె ఉంది. ఇరవై అయిదేళ్ళుంటాయేమో. రెండు వెండి తీగలు నా చేతికిచ్చి వంచి చూడమన్నది. ఒకటి నిమ్మనారలాగా ఎటు వంచితే అటు వంగింది. రెండవది వంగినట్టే వంగి కొంచెం వెనక్కు తన్నింది. మెత్తనిది మేలిమి వెండి, తిరగబడ్డది స్టెర్లింగు వెండి. వెయ్యి పాళ్ళలో 925 వెండి, తక్కిన 75 పాళ్ళూ సాధారణంగా రాగి. మేలిమి వెండితో ఉంగరం చేస్తే నాలుగు రోజుల్లో వేలి మీద నలిగి వంకర తిరుగుతుంది, పొదిగిన రాయి ఊడిపోతుంది. ఆ కాస్త రాగి పడితే గొలుసు కొక్కెం నిలుస్తుంది, రాయిని పట్టుకునే పళ్ళు గట్టిపడతాయి. అయితే తీగెలు అల్లే పనికి మాత్రం మెత్తదనమే కావాలి. మన కరీంనగరు వెండితీగ పనివారు మేలిమికి దగ్గరగా ఉన్న వెండినే వాడడానికి కారణం అదే. జుట్టంత సన్నని తీగ చుట్టలు తిరగాలి గదా!

ఆ అమ్మాయి స్టెర్లింగు రేకునొకదానిని మంటలో పెట్టింది. తెల్లని వెండి చూస్తూండగానే నల్లబడింది. వెండిలోని రాగి గాలి తగిలి మాడిందన్న మాట. దానిని పలచని ఆమ్లంలో ముంచి తీస్తే మళ్ళీ తెల్లబడింది. కాని ఆ తెల్లదనంలో చిన్న మాయ ఉన్నదని ఆమే చెప్పింది. ఆమ్లం పైపైని రాగిని తినేస్తుంది కాబట్టి పైపొర మాత్రం లోపలికన్నా మేలిమిగా తయారవుతుంది. మన ఆచారులు చింతపండు నీళ్ళలో ఉడకబెట్టి నగను తెల్లబరిచేదీ ఇదే సూత్రం. అందుకే వెండిని పైన చూచి నమ్మరాదు, గీకి చూడాలి. నాకు తాకట్టు వ్యాపారి ఆకురాయి గుర్తుకు వచ్చి సంచిలోని మూటను ఒకసారి తడుముకున్నాను.

తెలుగు మేష్టరమ్మను కాబట్టి నాకు మాటల మీదికి ధ్యాస పోయింది. వెండి అన్న మాటలోనే తెల్లదనం ఉంది. వెన్నెల, వెన్న, వెల్ల అన్నీ ఆ ఇంటి బిడ్డలే. మేలిమి, వన్నె అని శుద్ధికి మంచి మాటలున్నాయి. వర్ణమన్న మాటే వన్నె అయింది. గీటురాయి మీద గీత రంగును బట్టి బంగారం విలువ కట్టేవారు గనుక రంగే లెక్క అయి కూర్చుంది. కాని రాగి కలిపితే దానికి మనం వాడే మాట ఒక్కటే, కల్తీ. గట్టితనం కోసం కలిపినా కల్తీయే, దొంగతనంగా కలిపినా కల్తీయే. ఇంగ్లీషువారు మొదటిదానికి స్టెర్లింగు అని పేరు పెట్టి, ఆ పేరును మంచి మనిషికి విశేషణంగా కూడా వాడుకుంటున్నారు. నాకు కాస్త అసూయ కలిగింది.

ఆ పేరు పుట్టుక గురించి రెండు కథలున్నాయి. నార్మన్ రాజుల కాలపు వెండి పెన్నీల మీద చిన్న నక్షత్రం ఉండేదనీ, చుక్క గల నాణెం అనే అర్థంలో ఆ మాట వచ్చిందనీ ఒక కథ. తూర్పు నుంచి వచ్చిన జర్మను వర్తకులను ఈస్టర్లింగులనేవారనీ, వారి వెండి నిక్కమైనది గనుక వారి పేరే స్థిరపడిందనీ మరొకటి. ఏది నిజమయినా లెక్క మాత్రం పాతదే. పన్నెండు ఔన్సుల పౌనులో 11 ఔన్సుల 2 పెన్నీవెయిట్ల వెండి ఉండాలి. ఔన్సుకు 20 పెన్నీవెయిట్లు. పౌనుకు 240 అయితే అందులో 222 వెండి. భాగించి చూడండి, సరిగ్గా 925 వస్తుంది.

1300లో మొదటి ఎడ్వర్డు రాజు, స్టెర్లింగుకు తక్కువయిన వెండి సామాను అమ్మరాదనీ, పరీక్షించి చిరుతపులి తల ముద్ర వేయాలనీ శాసనం చేశాడు. తరువాత లండను కంసాలుల సంఘంవారి హాలుకే సామాను తెచ్చి ముద్ర వేయించుకోవాలని నియమం వచ్చింది. హాలులో వేసిన మార్కు గనుక హాల్‌మార్కు. 1544 నుంచి నడిచే సింహం బొమ్మ స్టెర్లింగుకు గుర్తయింది. నాణేలు కరిగించి నగలూ పాత్రలూ చేయించుకోవడం మన ముత్తాతలకే పరిమితమని నేననుకునేదాన్ని. ఇంగ్లండులో ఆ పని ఎంత ముదిరిందంటే, నాణేలు మాయమవుతున్నాయని భయపడి ప్రభుత్వం 1697లో పాత్రల వెండిని వెయ్యికి 958కి పెంచింది. నాణెం కరిగిస్తే పాత్రకు సరిపోకూడదని ఎత్తు! 1720లో మళ్ళీ స్టెర్లింగును అనుమతించవలసి వచ్చింది.

ఇక లంగరు సంగతి. పదిహేడవ శతాబ్దంలో బర్మింగ్‌హామ్ పేరు దొంగ నాణేలకు మోగిపోయింది. ఊరి పేరును వాడుకలో బ్రమ్మజమ్ అంటారు. ఆ మాటకు చౌకబారు మెరుపు సరుకు అనే అర్థం నిఘంటువుల కెక్కింది. మంచి పనివాడు మంచి వెండితో చేసినా, ఆ ఊరిదంటే కొనేవాడు పెదవి విరిచేవాడు. పరీక్ష ముద్ర కోసం సరుకును నూరు కిలోమీటర్లకు పైగా ఉన్న చెస్టరుకో, లండనుకో పంపాలి. దారిలో గీతలు పడి, సొట్టలు పోయి తిరిగివచ్చేవి. మాథ్యూ బోల్టన్ అనే ఫ్యాక్టరీ యజమాని, తరువాత జేమ్స్ వాట్‌తో కలిసి ఆవిరి యంత్రాలు చేసినాయనే, ఆ ఊళ్ళోనే పరీక్షాశాల కావాలని పార్లమెంటుకు అర్జీ పెట్టాడు. లండను కంసాలులు అడ్డం తిరిగారు. దొంగ నాణేల ఊరికి ముద్రవేసే అధికారమా అని వారి వాదం. చివరకు 1773లో చట్టం వచ్చింది, బర్మింగ్‌హామ్‌కూ షెఫీల్డుకూ కలిపి. రెండు ఊళ్ళవారూ లండనులో "క్రౌన్ అండ్ యాంకర్" అనే హోటలులో సమావేశమయ్యేవారనీ, నాణెం ఎగరవేసి ఒకరు కిరీటమూ ఒకరు లంగరూ పంచుకున్నారనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. అలా సముద్రం లేని ఊరికి లంగరు దక్కింది. 1773 ఆగస్టు 31న పరీక్షాశాల తెరిస్తే మొదటి సరుకు బోల్టన్‌దే. 2015 నుంచి అది మోర్టన్ స్ట్రీటులో కొత్త భవనంలో ఉంది. బయటినుంచే చూచి వచ్చాం.

మా అమ్మాయి కోసం ఒక దుకాణంలో చిన్న వెండి పతకం కొన్నాను. దుకాణం యజమాని వయసు మళ్ళినవాడు. భూతద్దం కంటికి తగిలించి పతకం వెనుక చూపించాడు. చేసినవారి పొడి అక్షరాలు, 925 అంకె, లంగరు. ఆ దేశంలో 7.78 గ్రాములు దాటిన ఏ వస్తువునూ ఈ ముద్రలు లేకుండా వెండి అని పేరుపెట్టి అమ్మడం నేరం. 1950కి ముందు చేసిన పాత వస్తువులకు మాత్రం కొంత మినహాయింపు ఉంది. అంతవరకు ఊరుకున్న మా తమ్ముడు, "1944 నాటివి మా దగ్గర రెండున్నాయి, చూస్తారా?" అని నా సంచి లాక్కున్నాడు.

ఆయన వాటిని చేత్తో తూచి, లోపలివైపున ఉన్న పాత గాటును ఆకురాయితో ఇంకొంచెం లోతు చేశాడు. తరువాత తుపాకీ ఆకారంలో ఉన్న యంత్రాన్ని ఆనించాడు. ఎక్స్ కిరణాలతో ఏ లోహం ఎంత ఉన్నదీ అది చెబుతుంది. మొదటి కడియం నూటికి 91 వెండి, తక్కినది రాగి. రెండవది 57 వెండి, 36 రాగి. నా ముఖం వాడిపోయింది. వ్యాపారి చెప్పిందీ, అమ్మ అన్నదీ నిజమేనన్న మాట. కాని ఆయన అంకెల దగ్గరే ఆగిపోయాడు.

"నికెలు 4, జింకు 3. ఈ నికెలు ఎక్కడిది?" అన్నాడు.

"మా కంసాలి కలిపి ఉంటాడు."

"దొంగతనం చేయదలచినవాడు రాగి కలుపుతాడు. మహా అయితే ఇత్తడి. నికెలు కరగాలంటే 1455 డిగ్రీల వేడి కావాలి. మీ పల్లెటూరి కుంపటి మీద అయ్యే పనేనా?"

ఆయన సొరుగు లాగి, నలిగిన హాఫ్ క్రౌన్ నాణెమొకటి తీసి దానిమీద యంత్రం పెట్టాడు. 50 వెండి, 40 రాగి, 5 నికెలు, 5 జింకు. "మా నాణేలు 1920 దాకా స్టెర్లింగువే. యుద్ధం తరువాత ఖర్చులకు తాళలేక సగం చేశారు. 1927 నుంచి ఈ పాళ్ళు. మీ రూపాయలను కూడా ఎప్పుడో ఇలాగే చేసి ఉంటారు, చూడండి" అన్నాడు.

మా తమ్ముడు ఫోనులో వెతికాడు. ఉంది. పాత రూపాయిలో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి, అంటే వెయ్యికి 917. స్టెర్లింగుకు ఇంచుమించు తోబుట్టువు. 1940లో, రెండవ ప్రపంచయుద్ధపు రోజులలో, దానిని సగానికి దించారు. పాళ్ళు అచ్చం ఆ హాఫ్ క్రౌన్ పాళ్ళే. బరువు అదే, రాజుగారి తల అదే. ఆ వెంటనే, 1941 నుంచి 43 దాకా, విక్టోరియా రాణివీ తరువాతివీ మంచి రూపాయలను చెలామణీ నుంచి వెనక్కు పిలిచారు. 1947కు వచ్చేసరికి పులి బొమ్మ రూపాయిలో వెండే లేదు, అంతా నికెలు. దుకాణం బల్ల మీద కాగితం పెట్టి లెక్క కట్టాను. రెండవ కడియంలోని ఇరవై రూపాయలలో పదహారో పదిహేడో యుద్ధపు రూపాయలయితే సరిగ్గా 57 వస్తుంది.

"ఇచ్చింది ఇచ్చినట్టే చేశాడమ్మా" అన్న మాట చెవిలో పడినట్టయింది. నాకు ఆ దుకాణంలో కూర్చోబుద్ధి కాలేదు. తమ్ముడు మాత్రం బయటికి రాగానే, "అక్కయ్యా, ఆ సగం వెండిది నాకివ్వు" అన్నాడు. ఇస్తాను గాని ముందు ఒకరికి చూపించాలని చెప్పి రెండూ వెనక్కు తెచ్చాను.

జూన్‌లో మా ఊరు వెళ్ళాను. ఆచారిగారి కొడుకు ఎనభైకి చేరువలో ఉన్నారు. అరుగు మీద కూర్చుని ఎవరిదో పట్టీ గజ్జె అతుకుతున్నారు. నేను చెప్పినదంతా విని, కడియాలు రెండూ తీసుకుని, ఒక్కక్షణం అటూ ఇటూ మార్చి చూచి, చెడ్డదానిని ఎడమచేతిలో ఉంచుకున్నారు. యంత్రం అక్కరలేకపోయింది.

"కరిగించేటప్పుడే మూసలో తెలిసిపోతుందమ్మా. కొత్త రూపాయి కరిగేతీరు వేరు. నాన్న మీ ముత్తాతగారికి చెప్పాడట, పాతవే తెమ్మని. పాతవి ఇంకెక్కడివి, రాజుగారి బొమ్మ ఉంది, చాలదా అన్నారట. రెండు రకాలూ కలిపి పోస్తే రెండు కడియాలూ పాడవుతాయని, పాతవి వేరే, కొత్తవి వేరే పోశాడు. ఒకటయినా నిలుస్తుందని."

"ఈ మాట అమ్మతో ఆనాడే ఎందుకు చెప్పలేదు?"

"పెళ్ళివారికి తెలియనివ్వవద్దని మీ ముత్తాతగారు నాన్న చేత మాట తీసుకున్నారు. పోయినవారి మాట పందిట్లో ఎట్లా తీయను?"

నాకు నోట మాట రాలేదు. చివరకు, క్షమించమన్నాను. ఆయన కడియం మర వదులయిందని చూచి, పటకారుతో బిగించి, నూనె చుక్క వేసి, ముప్ఫై రూపాయలు అడిగి తీసుకున్నారు. నేను లేవబోతుంటే, "నాతో చెబితే ఏం లాభమమ్మా? అక్కడ అన్నమాట అక్కడే అనాలి" అన్నారు.

అక్కడంటే శ్రీరామనవమి పందిరి. 2020 నవమికి కరోనా వచ్చి దేశమంతా తలుపులు మూసుకుంది, పందిరి వేయలేదు. 2021లో మళ్ళీ రోగభయం. ఆ రెండేళ్ళూ ఫోను మోగినప్పుడల్లా నాకు ఆయన ఆరోగ్యమే మనసులో మెదిలేది.

ఈలోగా నేను నేర్చుకున్నది నలుగురికీ పనికి వస్తుందని, వెండి కొనేవాళ్ళందరికీ చెబుతూ వచ్చాను. 925 అని చెక్కి ఉన్నంత మాత్రాన చాలదు, ఎవరి పరీక్ష ముద్ర ఉన్నదో చూడండి. మన దేశంలోనూ 2005 నుంచి వెండికి హాల్‌మార్కు ఉంది. 2025 సెప్టెంబరు నుంచి హాల్‌మార్కు వేయించిన వస్తువు మీద ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య కూడా ఉంటుంది. అయితే దానిని మొదలుపెట్టినప్పుడు బంగారానికిలాగా తప్పనిసరి చేయలేదు కనుక అడిగి తీసుకోవలసిందే. జర్మను వెండి అన్నదానిలో వెండి బొత్తిగా ఉండదు, రాగి, నికెలు, జింకు మాత్రమే. నగ నల్లబడితే నకిలీ అని కంగారుపడకండి. గాలిలోని గంధకం తగిలితే అసలు వెండి కూడా నల్లబడుతుంది, రాగి కలిసినది మరికాస్త త్వరగా.

2022 ఏప్రిల్ 10న నవమి. పందిరి వేశారు. కల్యాణం అయిన తరువాత, పానకం పంచకముందు, లేచి నిలబడ్డాను. క్లాసులో గంటల తరబడి మాట్లాడే నాకు ఆ పదిమాటలు చెప్పడానికి గొంతు పెగలలేదు. అమ్మ అన్నమాటా, రూపాయల లెక్కా, మా ముత్తాతగారి సంగతీ అన్నీ చెప్పాను. కూర్చున్నవారిలో సగంమంది ఆనాటికి పుట్టనివారు. కొందరు కడియాలు చేతికి తీసుకుని తిప్పి చూచారు. ముసలావిడ ఒకావిడ, "అవునే, ఆ తరువాత నేనూ పట్నమే పోయాను" అని తల వంచుకుంది.

ఆచారిగారు పానకం చెంబు చేతిలోనే పట్టుకుని విన్నారు. నేను కూర్చున్న తరువాత నా గ్లాసులో పోసి, తానూ ఒక గుక్క తాగి, "ఈ ఏడు మిరియాలు తక్కువ వేశారు" అన్నారు.